నిమ్మకాయంత

"కదిలేదాన్ని చూసి భయపడకు" అంది డోరీన్ పాస్కో,
మొదటి రోజే.
"కదలనిదాన్ని చూసి భయపడు."

ముప్పై ఏళ్లు గోధుమ పొలాల మీద
మందు చల్లే విమానం నడిపిన మనిషి.
పెన్సిల్‌తో నా మోకాలి మీద కొట్టి మరీ చెప్పేది:
అద్దంలో పక్కకి జరిగే విమానం
దాని దారిన అది పోతుంది.
ఒకేచోట నిలబడి
ఆవగింజై, సెనగ్గింజై, నిమ్మకాయై పెరిగేది
నీ కోసమే వస్తోంది.

చూపుని దొర్లించకు. దొర్లే చూపు గుడ్డిది.
ఆపు, చూడు, ఇంకోచోట ఆపు.
బియ్యంలో రాళ్లేరడం వచ్చు నాకు.
ఆకాశాన్ని చాటలో పోసుకోవడమే రాలేదు.

శనివారం పొద్దున.
బ్యాంక్స్‌టౌన్‌కి పడమటి నుంచి వచ్చే చిన్న విమానాలు
ప్రాస్పెక్ట్ జలాశయం మీద గొంతు విప్పాలి.
ఎవరెక్కడున్నారో తెలియడానికి పెట్టిన గుర్తు
అందర్నీ ఒక్కచోటికే పిలుస్తుంది.
ఒంటరిగా ఎగరడం నాకది మూడోసారి.
ఎండ సరిగ్గా మొహాన.
"ప్రాస్పెక్ట్, పదిహేను వందల అడుగులు" అన్నాను.
టవర్ పలికేలోపు
ఇంకెవరిదో తీరుబడి గొంతు:
"ప్రాస్పెక్ట్, పదిహేను వందలు."

నా చోటు. నా ఎత్తు.
నా పేరొక్కటే వదిలేశాడు.

ఎడమ రెక్క ఎత్తి చూశాను.
కుడి రెక్క ఎత్తి చూశాను.
నీళ్లు, ఇళ్ల కప్పులు, ఎక్కడో రైలు మెరుపు.
కుడిమూల అద్దం మీద చిన్న మచ్చ.
తల పక్కకి వంచాను.
ఈగైతే ఆకాశం మీద జరగాలి.

జరగలేదు.

సెనగ్గింజ.

కుడినుంచి వచ్చేవాడిదే దారి.
అతని వెనక్కి, కుడికి, తిప్పాను.
చేతులు తిప్పాయి, నేను కాదు.
మచ్చ వణికి, ఎడమకి జారింది. కదిలింది!
ఒకటి నన్ను వదిలి పోతుంటే
ఇంత సంబరం ఎన్నడూ పడలేదు.
తెల్ల రెక్కలు, నీలం చార, లోపల ఒక టోపీ
ఒళ్లోని మ్యాప్ మీదికి వంగి ఉంది.

పెట్రోలు పంపు దగ్గర కనిపించాడు,
ఫ్లాస్కు మూతలోకి టీ వంపుకుంటూ.
చేతుల నిండా ఎండమచ్చలు. కంగారెరగని మొహం.
"గాలి బాగుంది ఈరోజు" అన్నాడు.
బాగుందన్నాను.
"ప్రాస్పెక్ట్ దగ్గర నాతోపాటు పలికింది నువ్వేనా?
ఎక్కడున్నావు? నాకు కనబడలేదే."
"నీ వెనక" అన్నాను. "అంతకుముందు, నీ ఎదుట."
టీ మూత పెదాల దాకా పోలేదు.
తర్వాత అతను టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.
ఇద్దరం మాట్లాడలేదు.
పంపు మీటరు తిరుగుతూనే ఉంది.

డోరీన్‌కి ఫోన్ చేస్తే ఒకటే అడిగింది:
"ఎంత పెద్దదయ్యాక చూశావు?"
సెనగ్గింజన్నాను.
కాసేపు ఊరుకుని, "ఆవగింజప్పుడు చూడాలి" అంది.

ఇంటికొస్తుంటే మిల్‌పెరా రోడ్డులో
ఎర్రలైటు దగ్గర కారు ఆపాను.
అద్దం మీద నల్లగా ఏదో.
తల పక్కకి వంచాను.

జరిగింది.
ఈగే.
వెనక కారు హారన్ కొట్టేదాకా
దాన్నే చూస్తూ కూర్చున్నాను.