కెమెరాకి ఎరుపు నేర్పడం

కొచ్కోర్‌లో, సంస్కృతి భవనం పై అంతస్తులో
ఒక హీటరు, రెండు కెమెరాలు, ఏడుగురం.
ఎర్మెక్ మా అందరికంటే చిన్నవాడు, మాకు పాఠం చెప్పేవాడు.
బస్సు నడిపి రిటైరైన టోక్తోబెక్‌కి
కెమెరా పట్టీ మెళ్ళో వేసుకోవడానికే ఒక పూట పట్టింది.

నేను వచ్చింది తివాచీల కోసం.
ఉన్ని తడిపి, చుట్టి, తొక్కి
నలభై ఏళ్లుగా షిర్డక్‌లు కుడుతున్న చేతులివి.
ఇప్పుడు సరుకు కంటే ముందు ఫోటో వెళ్లాలట,
అది నచ్చితేనే బేరమట.

మొదటిరోజు కిటికీలోంచి మంచుని తీశాం.
అందరి మంచూ బూడిద.
"దాని తప్పు కాదు," అన్నాడు ఎర్మెక్,
"లోకమంతా నడిమి రంగేనని కెమెరా నమ్మకం.
ఇది తెలుపమ్మా అని మనమే చెప్పాలి."
ఒక గడి పైకి జరిపాను, మంచు మంచైంది.
ఆశకొద్దీ ఇంకో రెండు జరిపాను,
కొండ కనబడకుండా పోయింది.

తర్వాత తెర మూలన గీతల గుట్ట ఒకటి చూపించాడు.
ఎడమ చివర చీకటి, కుడి చివర వెలుగు,
నడుమ మనం తీసిందంతా ఎగుడుదిగుడుగా.
గుట్ట వెళ్లి కుడిగోడకి గుద్దుకుంటే
అవతల పడింది ఇక దొరకదు.
"చీకట్లో ఉన్నదాన్ని కొంచెం తవ్వి తీయొచ్చు,
వెలుగులో కాలిపోయిందాన్ని ఎవరూ తేలేరు."
టోక్తోబెక్ కళ్లద్దాలు తుడుచుకుంటూ
"దొలోన్ కనుమ మీద మిట్టమధ్యాహ్నం బస్సు నడిపితే అంతే" అన్నాడు.

నాకు కొరుకుడు పడనివి అంకెలు.
కన్ను పెద్దదయ్యేకొద్దీ అంకె చిన్నదవుతుందట!
సంతలో ఇలా తూస్తే తన్ని తగలేస్తారు.

లేయర్లూ మాస్కులూ అని మొదలుపెట్టినప్పుడు మాత్రం
నర్సు చదువుతున్న అసీల్‌గుల్ తల పట్టుకుంది,
నేను నవ్వేశాను.
ఒకదాని మీద ఒకటి రెండు ఉన్ని పలకలు, ఒకే కత్తి.
ఎర్రదాంట్లోంచి తెగిన పొట్టేలు కొమ్ము
నల్లదాని ఖాళీలో కూర్చుంటుంది,
నల్ల కొమ్ము వచ్చి ఎర్ర ఖాళీలో.
పీలికంతైనా వృథా కాదు.
మా ఊరికి కరెంటు రాకముందే అమ్మమ్మకి తెలుసిది.
ఆ రోజు ఎర్మెక్ తన కుర్చీ నాకిచ్చి
తను నిలబడ్డాడు.

ఇక నా తప్పు చెప్తాను.
మంజిష్ఠ వేళ్లతో అద్దిన నా ఎరుపు
బల్బు కింద నారింజ పండైపోయింది.
పక్కన ఏ రంగూ లేని బూడిద ముక్క పెట్టి
దాంతో కెమెరాకి బుద్ధి చెప్పమన్నాడు.
అద్దకం ఎరగని గొర్రె ఉన్ని పెట్టాను.
ఎరుపు ఎరుపైంది.
అక్కడితో ఆపాల్సింది.
అందరూ వెళ్లాక ఒక్కదాన్నే కూర్చుని
ఆ చిన్న గుండీని కుడికి లాగాను,
ఇంకొంచెం, ఇంకొంచెం,
కూరలో ఉప్పు వేసే చెయ్యే కదా.

గెంట్ నుంచి ఒకావిడ రాసింది:
"ఇదే ఎరుపు. ఇంకోటి. రెండు మీటర్లు."

మూడు రోజులు వేళ్లు ఉడకబెట్టాను.
పటిక పెంచాను, తగ్గించాను,
పులిసిన పాలతేట పోశాను, మేకులు వేశాను,
మోచేతుల దాకా పండిపోయాయి.
నా గుండీ చేసిన ఎరుపు
ఏ వేరులోనూ లేదు.

సిగ్గు విడిచి ఎర్మెక్‌ని అడిగాను.
అదే ఫోటోని తన ఫోన్లో తెరిచాడు,
ఆఫీసు కంప్యూటర్లో తెరిచాడు, అసీల్‌గుల్ ఫోన్లో తెరిచాడు.
మూడు ఎరుపులు.
"మరి ఆవిడ చూసింది ఏది?"
పాఠాలు మొదలయ్యాక
అతను జవాబు చెప్పని ప్రశ్న అదొక్కటే.

అసలు ఎరుపు వేలెడంత కత్తిరించి కవర్లో పెట్టాను.
పోస్టాఫీసులో జామీలా లోపలేముందంది.
"రంగు" అన్నాను.
ఫారంలో ఆ గడి లేదంది.
ఉన్ని అని రాసుకోమన్నాను.

కవర్లో చీటీ కూడా ఉంది, అసీల్‌గుల్ ఇంగ్లీషులో రాసిపెట్టింది:
అమ్మా, దీన్ని పొద్దున్నే కిటికీ దగ్గర పట్టుకుని చూడండి.
బల్బు వెయ్యకండి.