పదహారో బెర్తు

వాల్విస్ బే. తెల్లవారింది గానీ
పొగమంచు క్రేన్లని మెడల దాకా మింగి కూచుంది.
బల్ల మీద రెండువేల అరవైని పరిచి
నాలుగు మూలలా ఆల్చిప్పలు బరువు పెట్టాను.
ముప్పై అయిదేళ్ళు ముందుకు చూడమన్నారు నన్ను.
ఈ కిటికీలోంచి ముప్పై అయిదు గజాలు కనపడవు.

అందుకే వెనక్కి వెళ్ళాను.
గోడౌన్లో, ఎండిపోయిన రంగు డబ్బాల వెనక,
హిస్కియా స్వార్ట్‌బోయ్ నోటు పుస్తకాలు.
ఆటుపోట్ల కొలకర్ర దగ్గర ఇరవై తొమ్మిదేళ్ళ కొలువు ఆయనది.
రోజుకి రెండంకెలు, పెన్సిల్‌తో.
పక్కనే అంకెలు కానివి కొన్ని:
"సముద్రం కుళ్ళిన గుడ్ల వాసన. చేపలు తేలాయి."
"పడమటి గాలి. ఇసుక మళ్ళీ మాట మార్చింది."
"ఫ్లెమింగోలు రాలేదు."
ఒకచోట, కొంచెం వంకరగా:
"ఆడపిల్ల. పోటు ఒకటి పాయింట్ ఆరు రెండు."

ఏ ప్రణాళిక కోసమూ రాయలేదు ఆ మనిషి.
నా ప్రణాళిక కాళ్ళు మాత్రం ఆ పెన్సిల్ గీతల మీదే నిలబడ్డాయి:
నీళ్ళు ఎంత ఎక్కుతాయో, వార్ఫు ఎంత లేవాలో,
తవ్వి తీసిన బురదని ఎక్కడ పోస్తే
మడుగు గొంతు పూడిపోదో.

రేవు పెరగాలి, కాదనను.
కాంగో రాగి లారీల మీద ఎడారి దాటి వస్తోంది,
గేటు బయట డ్రైవర్లు రెండేసి రాత్రులు నిద్ర కాస్తున్నారు.
ఒడ్డున ఆగిన ఓడ ఇంజను ఆపి
మా ఎండతో పుట్టిన కరెంటు తాగాలని రాశాను.
పదిహేను బెర్తులు గీసేదాకా చెయ్యి తడబడలేదు.

ఊరి హాల్లో సభ. ప్లాస్టిక్ కుర్చీలు, చల్లారిన టీ.
రబ్బరు బూట్లతోనే వచ్చింది అలెట్టా గవాసెస్,
పటం మీద వేలు పెట్టింది. వేలికి తెగిన మచ్చలు.
"ఈ పదహారోది మా ఆల్చిప్పల తాళ్ళ మీద ఉంది.
ఏ ఓడ కోసం?"
అంచనాల ప్రకారం, అన్నాను.
"ఓడ పేరు అడిగాను."
హాలంతా నవ్వింది. నాకు మాత్రం
నోట్లో ఉప్పు తగిలింది.

ఆ రాత్రి రబ్బరు పట్టుకున్నాను.
ఎంత చెరిపినా కాగితం మీద దాని నీడ పోలేదు.
నీడలోనే చిన్న అక్షరాలతో రాశాను:
రెండువేల నలభై అయిదులో మళ్ళీ కొలవండి.
అప్పటివాళ్ళని అడగండి.

"ఖాళీ చోటుకి బ్యాంకు అప్పివ్వదు, తుయేనీ"
అన్నాడు మా పెద్దాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ.
నిజమే. నా దగ్గర జవాబు లేదు.
పోసిన కాంక్రీటుని సముద్రం తిరిగివ్వదని మాత్రం అన్నాను.
పటాన్ని చుట్టలేదాయన. అలా చూస్తూ ఉండిపోయాడు.
ఇంకా సంతకం పెట్టలేదు.

ఇప్పుడు కొలకర్ర పని మిషనుది,
ఆరు నిమిషాలకోసారి, తప్పు లేకుండా.
హిస్కియా ఆఖరి పుస్తకంలో పేజీలు మిగిలాయి.
ఇవాళ పొద్దున్నే రేవు మెట్లు దిగి
పెన్సిల్‌ని నాలికతో తడిపి రాశాను:
"పొగమంచు. పోటు ఒకటి పాయింట్ నాలుగు ఎనిమిది.
ఫ్లెమింగోల గొంతులు వినపడ్డాయి.
లెక్క కుదరలేదు."