ఎంగిలి గాలి

ముప్పై ఒకటో ల్యాప్. బుడాపెస్ట్ బయట, మొగ్యొరోద్ గుట్టల మధ్య
ఎండకి తారు మెత్తబడుతోంది.
రేడియోలో లోరింట్స్ గొంతు:
"ముందు చక్రాలు మాట వినటం లేదు, ఎమోకె."

వినవు.
నీ కారు పీలుస్తున్నది గాలి కాదు,
ముందు కారు నమిలి వదిలిన ఎంగిలి.

ల్యాపుకి అర సెకను పైనే మేము చురుకు.
కాగితం మీద ఎప్పుడో దాటేశాం.
కాగితానికి మలుపుల్లేవు.

రెక్క అంటే ఎగరడానికే అనుకుంటారు.
మాది తిరగేసిన రెక్క,
కారుని నేలకేసి అదిమిపట్టే అరచెయ్యి.
గాలి బడిపిల్లల్లా వరుసలో వస్తేనే దానికి బలం.
ముందువాడు ఆ వరుసని చెదరగొట్టి
సుడులు సుడులుగా వెనక్కి విసిరాడా,
అరచెయ్యి పట్టు సడలుతుంది.
కారు తేలికపడుతుంది, తేలికపడి జారుతుంది.
జారిన టైరు కాగుతుంది,
కాగిన టైరు ఇంకా జారుతుంది.
ఈ లెక్కలో
ధైర్యానికి గడి లేదు.

తిన్నటి దారి వస్తే మాత్రం
అదే ఎంగిలి తియ్యన.
ముందువాడు గాలిగోడకి కన్నం వేసుకుంటూ పోతాడు,
మనవాడు ఆ కన్నంలోంచి ఖర్చు లేకుండా దూసుకొస్తాడు.
ముక్కు వాడి తోకని వాసన చూసేంత దగ్గరికి,
ఇంకొక్క జానెడు,
ఇంకొక్క...
మలుపు.

నిన్న రాత్రి చేపల పులుసు దగ్గర నాన్న అడిగాడు,
"మీ కారు అంత వేగమైతే దాటదేం?"
బస్సుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు రేకులు అతికిన మనిషి.
డాన్యూబ్‌లో బార్జీ వెనక పడిన చిన్న పడవని గుర్తు చేశాను,
తెడ్డు వేస్తే నీళ్ళు అందవు, నురగ అందుతుంది.
నాన్న ముల్లు ఒకటి తీసి పళ్ళెం అంచున పెట్టి
"సరే, ఆ బార్జీ కట్టిందెవరు?" అన్నాడు.

ఇంకొంచెం పులుసు వడ్డించాను.

రెండు చలికాలాల కింద, వేరే చొక్కా, వేరే జీతం.
గాలి సొరంగంలో అర్ధరాత్రి
బొమ్మ కారు వీపు మీద ఆకుపచ్చ రంగునూనె పూసి
ఫ్యాన్ తిప్పి, అది గీసిన దారులు చూస్తూ నిలబడేదాన్ని.
ఇప్పుడు లోరింట్స్ ముఖాన కొడుతున్న ఆ వెనక రెక్క,
దాని అంచున ఆ చిన్న వంపు
నాది.
రూలాఫ్ అని ఒక కుర్రాడు మీటింగులో చెయ్యెత్తాడు,
"వెనక వచ్చేవాడికి ఏమవుతుంది?"
"అది వాడి ఖర్మ" అన్నాను.
అందరూ నవ్వారు.
నేను కూడా, కాస్త ఆలస్యంగా.

యాభై నాలుగో ల్యాప్.
"వెనక్కి తగ్గు. సెకనున్నర దూరం. శుభ్రమైన గాలి తాగించు, టైర్లు చల్లబడనీ."
"తగ్గితే పోతాడు కదా!"
"పోడు. వాడి కారు నాకు తెలుసు."
ఈ మాట ఎందుకన్నానో తర్వాత ఎవరూ అడగలేదు.

తగ్గాడు. చల్లబడ్డాడు. మళ్ళీ వెళ్ళాడు.
చివరి నుంచి రెండో ల్యాపులో లోపలి వైపు దూరి
ఒక్క క్షణం పక్కపక్కన,
నాలుగు చక్రాల పక్కన నాలుగు చక్రాలు,
ఇద్దరికీ ఎవరి గాలి వాళ్ళది.
స్టాండ్‌లో జనం లేచారు.
బయటికి జారాడు. దుమ్ము లేచింది.

రెండో స్థానం. సున్నా దశాంశం నాలుగు.
హెల్మెట్ తీసి లోరింట్స్ నన్నేమీ అనలేదు.
వాడి మెడ మీద బెల్టు కోసిన గీతలు ఎర్రగా ఉన్నాయి.

రాత్రి హైవే మీద నాన్న పక్క సీట్లో,
ఒళ్ళో మిగిలిన పుచ్చకాయ ముక్క.
ముందు పొద్దుతిరుగుడు గింజల లారీ,
దాని వెనక మా పాత కారు చప్పుడు లేకుండా మెత్తగా పోతోంది,
కాలు సగం ఎత్తేసినా.
ఎడమ వరస ఖాళీ.
"దాటవా?" అన్నాడు నాన్న.

ఇండికేటర్ వేశాను.
కాసేపు అది టిక్కుటిక్కుమంది.
తీసేశాను.