నలభై గ్రాములు

తూటాలన్నీ లోపలి గదిలో, బీరువాలో.
గొట్టం ఖాళీ అని మూడుసార్లు చూశాను,
నాలుగోసారి చిటికెన వేలితో తడిమాను.
అప్పుడుగానీ భోజనాల బల్ల మీద
పాత నేతచీర ముక్క పరవలేదు.

ఒక్క పనికే పుట్టిన ట్రిగ్గర్ ఇది.
సుత్తిని బొటనవేలితో ముందే వెనక్కి లాగి పెడతాం;
దీని వంతల్లా వదిలెయ్యడమే.
ఆ వదలడంలోనే ఉంది నస.
వెళ్తూ వెళ్తూ ఒకచోట ఆగుతుంది,
మెత్తటి ముద్దలో రాయి పంటికింద పడ్డట్టు.
ఆ ఆగడంలో ఊపిరి తడబడి
తొమ్మిది ఎనిమిదవుతుంది,
ఎనిమిదిని చూసి మనసు ఏడవుతుంది.

పర్లాకిమిడిలో పిస్తోలు బాగుచేసేవాడు లేడు.
కటకం పంపితే నెల. పోటీ ఇరవై రోజుల్లో.
కొమ్ముపని వీధిలో ఉదయనాథ్ మహారాణా ఉన్నాడు.
గేదె కొమ్ములోంచి కొంగను లేపుతాడు,
రొయ్య మీసం విరక్కుండా తీస్తాడు.
"ఇనుము నాకు తెలీదు టీచరమ్మా, నునుపు తెలుసు"
అన్నాడు, సగం ఒడియాలో, సగం మన మాటలో.
భూతద్దం కంటికి బిగించి
బీడీ ఆరిపోయేదాకా చూశాడు.
ఇనుము మీద ఇనుము కూర్చునే చోట,
ఆవగింజలో పాతికోవంతు,
ఒక గీత.

"ఇది మీ చేత్తో మీరే రుద్దుకోవాలి.
పది రుద్దులు, ఒక చూపు.
చేతికి ఆశ పుడితే ఆపెయ్యండి."

చేతికి ఆశ పుట్టింది.

గుణుపురం బండి ఆలస్యంగా కూసి పోయింది.
మా ఆయన లైటు తీయమని రెండుసార్లు గొణిగాడు.
గీత పోయింది.
ఇంకొంచెం, అనుకున్నాను.
ఇంకొంచెం తరవాత ఇంకొంచెం ఉంటుందని
కూరలో ఉప్పు వేసే మనిషికి తెలీదా?
తెలిసే రుద్దాను.

కిలో బరువు వేలాడినా జారకూడదు, అది పోటీ షరతు.
ఇంట్లో తూకపురాయి లేదు.
బరాటం వారి కొట్టు పంచదార పొట్లం ఉంది,
దారం కట్టి తగిలించి మెల్లిగా ఎత్తాను.
పట్టుకుంది. మూడుసార్లు పట్టుకుంది.
దారం ఎక్కుతున్న చీమను చూసి
మా చిన్నాడు చప్పట్లు కొట్టాడు.

భువనేశ్వర్లో తనిఖీ బల్ల దగ్గర
తెల్ల చొక్కా ఆయన ఇత్తడి కిలో తగిలించి ఎత్తాడు.
టక్.
వరుసలో అందరూ విన్నారు.
"సరిచేసుకు రండి మేడం" అన్నాడు, మర్యాదగానే.
సరిచేసే స్క్రూడ్రైవరు ఇంట్లో,
నేతచీర ముక్క మీద.
బెంచీ మీద కూచుని మిగతావాళ్ళ కాల్పులు విన్నాను.
మధ్యలో ఎవరో టీ ఇచ్చారు.
అందులో పంచదార ఎక్కువైందనిపించింది.

ఇంటికొచ్చి, వాడకుండా దాచిన ఆ పొట్లాన్ని
కంసాలి త్రాసులో పెట్టించాను.
తొమ్మిదివందల అరవై.

నలభై గ్రాములు.
ఎనిమిదేళ్ళుగా మా పాయసంలోంచి,
చుట్టాలకిచ్చిన ప్రతి గ్లాసు నిమ్మరసంలోంచి
చప్పుడు లేకుండా జారిపోతూ.
మహారాణా నవ్వి నవ్వి దగ్గాడు.
"కొట్టువాడికి నాకంటే పనొచ్చు టీచరమ్మా,
ఒక్కసారైనా గరుకు తగలనివ్వలేదు."

మర పావు చుట్టు బిగించాను.
కంసాలి దగ్గర ఇత్తడి కిలో అరువు తెచ్చి కట్టాను.
ఊగింది. పట్టుకుంది.
పాత నస రవ్వంత మళ్ళీ వేలికి తగిలింది,
తగలనీ.

సాయంత్రం కొట్టుకి వెళ్ళాను.
"ఏటమ్మా, పోటీ ఏటైంది?"
నరసయ్య నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.
దారి పొడుగునా కూర్చుకొచ్చిన మాట
లేచిన సుత్తిలా ఉంది నోట్లో,
వదలడమే తరువాయి.
"కిలో పంచదార" అన్నాను.
కాసేపాగి, "సరిగ్గా" అన్నాను.

ఆయన చెయ్యి త్రాసు మీదే నిలిచిపోయింది.
తరవాత, నా వైపు చూడకుండా,
ఇంకో గరిటె వేశాడు.