ఏడో నంబరు డాబా

మిల్లు నా చెవులు తీసుకొని
పింఛను కాయిదం ఇచ్చింది.
పద్దెనిమిదేండ్లు ఆజంజాహి మగ్గాల షెడ్డుల, మూడో షిప్టు.
మూతవడ్డ నాడు గేటు కాడ అందరు ఏడుస్తుంటే
నోర్లు కదులుడే చూసిన.

తిప్పలగడ్డల రన్‌వేకు దగ్గరి ఇల్లు మాది.
నిజాం జమానల పరిచిన రన్‌వే,
మొన్నటిదాక ఊరోల్లు మిరపకాయలు ఆరబోసుకున్నది.
ఇప్పుడు యుద్ధ విమానాలు వస్తయట, ఇరవై నాలుగు.
వచ్చే ముందు గాలిని, నీళ్లను, చప్పుడును
కొలవాలె గద, కాయిదం మీద.

హన్మకొండ నుంచి స్కూటీ మీద నౌషీన్ అనే పిల్ల వచ్చి
మా డాబా మీద మూడు కాళ్ల కర్ర నిలవెట్టింది.
కాళ్ల చుట్టు సుద్దతోని మూడు సున్నలు గీసింది.
కర్ర తలకు నల్లటి స్పాంజి ఉండ,
నడుమున చిన్న అద్దం, అద్దంల అంకెలు.
మూడు దినాలు కావలి ఉండాలె, రోజుకు నాలుగు వందలని
వేళ్లు చూపెట్టింది.
చెవిటోన్ని చప్పుడుకు కావలి పెట్టుడు
చాయ హోటల్ల వారం దినాల నవ్వులాట.

మొదటి రాత్రి
ముప్ఫై ఒకటి. ముప్ఫై రెండు. ముప్ఫై ఒకటి.
చెలకలు నిద్రపోయినట్టున్నయి.
ఉన్నట్టుండి నలభై ఆరు!
లేచి చూస్తే పిట్టగోడ మీద గుడ్లగూబ,
నన్నేదో అడిగినట్టు నోరు తెరిచి ఉన్నది.
యాభై రెండు, పాల బండి.
యాభై ఎనిమిది, చంద్రారెడ్డి కోళ్ల ఫారం.
ఒక్క అరవై మాత్రం ఎంత దేవులాడినా దొరకలే.

రెండో రాత్రి దొరికింది.
కింద వాకిట్ల, మంచంల ఓదెమ్మ లేచి కూసొని
రొమ్ము పట్టుకొని వంగింది.
అద్దంల అరవై ఒకటి.
మల్ల వంగింది. అరవై మూడు.
ఎన్నేండ్ల సంది దగ్గుతున్నవే అని దిగిపోయి అడిగితే
వేళ్లు లెక్కవెట్టి, చాలక,
చెయ్యి ఇదిలించి అటు మల్లి పండుకున్నది.

మూడో నాడు నమూనాకని ఒక విమానం పంపిండ్రు.
అప్పుడు నేను చాయ కప్పును చూస్తున్న.
చాయ ముడతలు వడ్డది.
రొమ్ము బొక్కకు మిల్లు యాదికొచ్చింది.
అద్దంల నూట తొమ్మిది.
లేగదూడ తాడు తెంపుకొని ఉరికింది.
ఫారంల కోళ్లు ఒకదాని మీద ఒకటి కుప్పవడి
రెండు వందల దాక సచ్చినయి.
వాటికి ఏ గడిల టిక్కు వెట్టాలెనో
నౌషీన్‌కు సమజ్ కాలే.

నాలుగు నెలలకు, బడి ముంగట టెంటు. బహిరంగ విచారణ.
రిపోర్టు ఇంగ్లీషుల నాలుగు బొత్తులు,
తెలుగుల పన్నెండు పేజీలు.
నౌషీన్ నా పేజీ తీసి వేలు వెట్టింది, మొఖం ఎత్తకుంట.
స్థలం ఏడు. బైరి మొగిలయ్య డాబా.
ఇప్పటి సగటు ముప్ఫై ఎనిమిది,
విమానాలు వచ్చినంక యాభై తొమ్మిది.
ప్రభావం ఓ మోస్తరు.
కింద చీమల అంత అక్షరాలల్ల
'గృహ యజమానికి వినికిడి లేదు.'

నూట తొమ్మిదిని నీళ్ల సున్నం లెక్క
ఇరవై నాలుగు గంటల గోడకు పల్చగ పూసిండ్రు.

మైకు నా చేతికి వచ్చింది.
దేశానికి విమానాలు వద్దని నేనెందుకంట?
నా తమ్ముని కొడుకు లడఖ్‌ల చలిల ఉన్నడు.
నేనడిగింది ఒక్కటే:
సార్, ఆ సగటుల మా ఇంటామె దగ్గును కలిపిండ్రా, తీసేసిండ్రా?
గట్టిగ అన్ననో గొణిగిననో తెల్వది,
అద్దం ఉంటే చూసుకుందును.
కుర్చీల సార్లు ఒకరి మొఖాలు ఒకరు చూసుకున్నరు.
ఒకాయిన ఏదో రాసుకున్నడు, పొట్టి ముక్క.
మైకు పక్కాయినకు పోయింది.

రాత్రి డాబా ఎక్కిన.
సుద్ద సున్నలు వానకు సగం పోయినయి.
వాకిట్ల మంచంల ఓదెమ్మ లేచి కూసొని
వంగుతున్నది.
ఎంతనో తెల్వది.