ముప్ఫై రెండు దగ్గర

"గుంటూర్లో వేడి కొనుక్కుంటావా!"
లాడ్జి సెంటర్లో చేపల కొట్టు ఖాజావలి పగలబడి నవ్వాడు.
"మేలో డబ్బా తెచ్చి రోడ్డు మీద పెట్టు,
పిల్లలేం ఖర్మ, మనవలు కూడా పుడతారు."

ఇప్పుడు మే కాదు గదా.
వీధిలో క్రిస్మస్ నక్షత్రాలు ఇంకా దింపలేదు.
తెల్లారగట్ల మంచు ఏటుకూరు రోడ్డు లారీలని
లైట్లతో సహా మింగుతుంది.
రేకుల కింద మా గది పద్దెనిమిదికి జారుతుంది.

పద్దెనిమిదిలో డూబియా బొద్దింక చావదు.
తినదు, తిరగదు.
కోడిగుడ్ల అట్ట మడతలో
అప్పులవాడు గుమ్మంలో ఉన్నట్టు
మీసం కూడా ఆడించకుండా కూర్చుంటుంది.
మరీ చలేస్తే కడుపులో గుడ్ల సంచి
ఖాళీ పర్సులా జారవిడిచేస్తుంది.

ముప్ఫై రెండు కావాలి.
ఊళ్లో ఏ కొట్టుకెళ్లినా ఎల్ఈడీలే,
ముట్టుకుంటే చల్లగా, దొరబాబుల్లా వెలుగుతాయి.
నాకు వెలుగెందుకు? వేడి కావాలి.
చివరికి అటక మీద,
పాత కాగితం నక్షత్రం కడుపులో దొరికింది
నలభై వాట్ల పిత్త బల్బు.
వెలుతురు వాటికి పడదని
డాల్డా డబ్బాలో బోర్లించి వెలిగించాను.

జనం చలి కాచుకుంటారు.
నేను చలిని కాస్తాను.
పదకొండేళ్లుగా రాత్రి షిఫ్టు, కోల్డు స్టోరేజీలో.
నాలుగో చాంబర్లో రేటు కోసం ఆగిన నిరుటి తేజ కాయ,
పన్నెండు వేల టిక్కీలు.
ముల్లు ఆరు దాటకూడదు.
రంగు పోకూడదు, పురుగు పుట్టకూడదు,
షావుకారు సరే అనేదాకా
కాయకి వయసు రాకూడదు.
ఏదీ పుట్టకుండా చూసినందుకు
నెల నెలా జీతం ఇస్తారు నాకు.

ఆ జీతం చాలకే ఈ డబ్బా.
బ్రాడీపేట డాక్టరుగారి గాజు తొట్లో
మూరెడు ఆరోవానా ఉంది.
ఒక్కోదానికి ఆరు రూపాయలు. గుటుక్కున ఒక్క క్షణం.
ఇంత వెచ్చగా పెంచేది అందుకే,
ఆ మాట డబ్బా దగ్గర అనను.

మొన్న రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
మిర్చికి జనరేటరుంది,
నిమిషంలో గుర్రుమంది.
మా శారదా కాలనీకి లేదు.
ఫోన్ చేస్తే దయామణి నిద్ర గొంతుతో,
"చస్తే చచ్చాయి, పీడా పోయె" అని పెట్టేసింది.
నా ముందు ముల్లు ఆరు దగ్గర కదలడం లేదు.
కళ్లు మూస్తే ఇంకో ముల్లు,
ముప్ఫై, ఇరవై ఏడు, ఇరవై మూడు...
కోటు లోపల ఎన్నడూ లేని వణుకు.

ఆరింటికి ఇల్లు చేరితే
మూల డబ్బా మూలన లేదు.
మంచం మీదుంది,
నా పాత చలికోటు తొడుక్కుని, బొత్తాలు పెట్టుకుని.
చుట్టూ నాలుగు థమ్సప్ సీసాలు, వేడి నీళ్లతో.
పొయ్యి మీద గిన్నె ఇంకా పొగలు కక్కుతోంది.
గోడకి ఆనుకుని నోరు తెరిచి నిద్రపోతోంది,
వాటిని కళ్లతో చూస్తే అన్నం సహించదన్న మనిషి.

మూత తీశాను. ఇరవై తొమ్మిది.
కేరట్ ముక్క పక్కన తల్లి,
దాని కింద ఓ పాతిక,
అప్పుడే పొట్టు ఊడిన నువ్వుల్లా తెల్లగా,
కాళ్లు ఎక్కడున్నాయో తెలియక తడుముకుంటున్నాయి.
పూట గడిస్తే మట్టి రంగు తిరుగుతాయి,
అమ్మకానికి మూడు నెలలు.

అలికిడికి లేచింది.
"వాటి కోసం కాదులే,
రెండు నెలల కరెంటు బిల్లు కట్టింది నేను,
ఊరికే పోతుందని."
నేను వేలు లోపలికి పెట్టబోతే
మణికట్టు దగ్గర ఠక్కున పట్టుకుంది.

"ఐసుగడ్డల్లా ఉన్నాయి. ముందు చేతులు కాచుకో."