గోరంత మట్టి

హోటల్ అడుగు అంతస్తులో, తెల్లవారుజాము నాలుగున్నరకి,
ఎవరెవరో పడుకుని లేచిన దుప్పట్లు నా చేతికొస్తాయి
వాటి నిద్ర ఇంకా వదలకుండానే.
గంటకి పద్నాలుగు డాలర్ల పావలా.
డ్రయ్యర్ తిరిగే నలభై నిమిషాల్లో
ఓడల టైంటేబుల్ వెనక లెక్కలు వేస్తాను.
డులూత్‌లో చిత్తుకాగితం కొనక్కర్లేదు.
ఇనుపరాయి మోసే ఓడ ఏది ఎప్పుడొస్తుందో
ఎవరో ఒకరు అచ్చేసి పంచుతూనే ఉంటారు.

ఇంట్లో సంపాదించేదెవరని ఫారం అడిగింది.
రాశాను. అమ్మ, బడి వంటగది.
కర్ట్, ఊరి మంచు తోసే లారీ.
ఫారం కాసేపు ఆలోచించి
మీవాళ్లు ఏడాదికి తొమ్మిదివేల నాలుగొందలు ఇచ్చుకోగలరంది.
ఆ అంకె కర్ట్‌కి చూపించాను.
కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని
"ఎవరీయన? నాక్కూడా పరిచయం చెయ్యి" అన్నాడు.
నవ్వాం. ముగ్గురం నవ్వాం.
తర్వాత అమ్మ గిన్నెలు తోమడానికి లేచింది,
అప్పటికే తోమేసిన గిన్నెల్ని.

అతను చెడ్డవాడైతే నాకు సుళువుగా ఉండేది.
మారుతండ్రి అనే మాటలో సగం తిట్టు ముందే ఉంది,
మిగతా సగం నేను కలుపుకునేదాన్ని.
కానీ గడ్డకట్టిన సరస్సు మీద బండి నడపడం నేర్పింది అతనే:
బెల్టు పెట్టుకోకు, కిటికీ దించి ఉంచు,
మంచు పగిలితే ముందు నువ్వు బయటికి రా,
బండి సంగతి తర్వాత.
అతనికి మొదటి పెళ్లి పిల్లలిద్దరున్నారు. మోకాలి ఆపరేషన్ ఉంది.
పద్దెనిమిదేళ్లకి తనని ఎవరూ ఆదుకోలేదని
రెండుసార్లే అన్నాడు.
మూడోసారి అనబోయి కాఫీ తాగాడు.

బడిలో సలహాలిచ్చే హౌగెన్ మేడమ్ అంది:
"ఎక్స్‌రే తీసే కోర్సు, ఐలీ. రెండేళ్లు.
ఈ ఊళ్లో ముసలి ఎముకలకి కొదవా?"
నిజమే, కొదవ లేదు.

పదో తరగతిలో మమ్మల్ని పడవెక్కించారు.
ఒక పొడవాటి గొట్టం సరస్సు అడుక్కి దించి
మట్టిని నిలువునా పైకి లాగారు.
చీల్చి చూపిస్తే చారలు, చారలు.
ఒక్కో చార ఒక్కో ఏడాది అన్నాడు ఆ గడ్డమాయన,
అగ్గిపుల్ల కొసతో ఒక్కొక్కటీ తాకుతూ:
ఇక్కడ అడవులు నరికారు, ఇక్కడ మిల్లులు మూసేశారు.
ఎవరూ చూడకుండా కాస్త నాలిక మీద వేసుకున్నాను.
ఇనుము రుచి.
అంతే. అప్పట్నుంచి నాకు ఇంకేదీ రుచించదు.

ఆ చదువు నాలుగేళ్లు.
అప్పు నలభై ఒక్క వేలు.
నెలకి నాలుగొందల ముప్ఫై అయిదు చొప్పున నూట ఇరవై నెలలు.
ఉద్యోగం పేరు తెలియక ముందే
దాని జీతం ఖర్చయిపోయింది.
కొండంత అని రాసి, కొట్టేసి,
టైంటేబుల్ మార్జిన్లో చారలు గీశాను:
పదేళ్లు, పది చారలు.
ఆ మట్టిలో అయితే గోరంత మందం.
ఇది ఓదార్పో, నన్ను నేను మోసం చేసుకోవడమో తెలీదు.
సరస్సు అద్దె కట్టదు కదా.

ఈ వారం నా కారు కదలడం లేదు.
మూడున్నరకే లేచి కర్ట్ నన్ను మంచులారీలో దింపుతున్నాడు.
రూలు ఒప్పుకోదు. దారంతా మాట్లాడడు.
ముందు రోడ్డు తోసుకుంటూ, వెనక ఉప్పు జల్లుకుంటూ వెళ్తాం.
నిన్న దిగుతుంటే మాత్రం అడిగాడు:
"ఆ మట్టివాళ్లకి జీతాలిస్తారా?"
ఇస్తారన్నాను.
"ఊఁ" అన్నాడు. ఆ ఊఁని ఏ గడిలో రాయాలో ఫారం చెప్పలేదు.

హౌగెన్ మేడమ్ ఇచ్చిన కాగితం మీద, కోర్సు పేరు దగ్గర,
పెన్సిల్‌తో రాశాను.
పెన్నుతో రాయడానికి శుక్రవారం దాకా గడువుంది.

బజర్ మోగింది.
పెద్ద దుప్పటికి నిజానికి ఇద్దరు కావాలి.
ఒక్కదాన్నే ఉన్నప్పుడు
ఒక అంచు గడ్డం కింద అదిమిపెట్టి, చేతులు బార్లా చాచి మడతపెడతాను.
కొంచెం వంకరగా వస్తుంది.
పైన ఎవరికీ తెలీదు.